ఫిన్లాండ్‌లో నిలబెట్టిన పగ

అనుపమ మా బడికి వారానికి రెండు రోజులు వస్తుంది. కంప్యూటర్ గదిలో ఉన్న ముప్పై పాత మెషీన్లూ ఇంకా నడుస్తున్నాయంటే ఆమె చలవే. వాటన్నిటిలో ఉచితంగా దొరికే లైనక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పారేయాల్సిన వాటిని పనికొచ్చేలా చేసింది. ఆమెకు ముప్పై నాలుగేళ్లుంటాయి. గట్టిగా మాట్లాడదు. పిల్లలు మౌస్ విరగ్గొట్టినా “ఏంది నాయనా గిట్ల జేసినవ్” అని తీసి పక్కన పెడుతుందే తప్ప కసరదు. ఆమెకు కోపం వస్తుందని స్టాఫ్ రూములో ఎవరం అనుకోలేదు. తెలుగు చెప్పే నాకైతే, రెండేళ్లు పక్కపక్కన కూర్చుని అన్నం తిన్న తర్వాత గాని ఈ సంగతి తెలియలేదు.

ఆమె తండ్రి జంగయ్యది మామిడిపల్లి. శంషాబాద్ కార్గో రోడ్డులో, మందులు నిలవచేసే ఒక చల్లని గోదాములో పదకొండేళ్లు పనిచేశాడు. విమానం ఎక్కాల్సిన మందులు అక్కడి గదుల్లో రెండు డిగ్రీలకూ ఎనిమిది డిగ్రీలకూ మధ్య ఉండాలి. గంటకోసారి గది చల్లదనం చూసి రిజిస్టర్లో రాయడం, పెట్టెలు వచ్చి పోయేటప్పుడు తలుపులు తీసి మూయడం ఆయన పని. నడి మే నెలలో స్వెట్టరూ మంకీ టోపీతో గోదాములోంచి ఎండలోకి వచ్చే ఆయన్ని చూసి ఆటోవాళ్ళు నవ్వేవాళ్ళట. ఆయనకు పట్టింపు లేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే “ఇయ్యాల దినమంత ఐదే” అనేవాడు. ఐదు డిగ్రీలు దాటనివ్వలేదని అర్థం. కొడుకు ఫస్టు క్లాసులో పాసయ్యాడని చెప్పుకునే తండ్రిలా చెప్పేవాడు.

పాలిటెక్నిక్ చదివిన అనుపమకు ఆ గోదాములోనే ఒక పని దొరికింది. గదుల్లోని థర్మామీటర్లనూ, తలుపులకు బిగించిన చిన్న అయస్కాంతపు స్విచ్చులనూ ఒక లైనక్స్ సర్వర్‌కు కలిపి, ఐదు నిమిషాలకోసారి గది ఎంత చల్లగా ఉందో, తలుపు తెరిచి ఉందో మూసి ఉందో, గదిని చల్లబరిచే కంప్రెసర్‌ను ఎవరి లాగిన్‌తో ఆపారో దానంతటదే నమోదయ్యేలా ప్రోగ్రాం రాసింది. ఎక్కడైనా చెడితే తనకు తెలియాలి కాబట్టి, ప్రతి నమోదూ ఒక మెయిల్‌గా తనకూ వచ్చే ఏర్పాటు ఒప్పందంలోనే ఉంది. ఆ పని ఇప్పించింది గోదాము మేనేజర్ రాఘవేందర్. బుద్వేల్ మనిషి. బోనాలకు వీళ్ళింట్లో కూర్చుని తిన్నవాడు. అనుపమ అతన్ని అన్నా అని పిలిచేది.

రెండేళ్ల కిందటి మే నెలలో మూడో గదిలోకి ఇరవై రెండు ప్యాలెట్ల ఇన్సులిన్ వచ్చింది. ప్యాలెట్ అంటే చెక్క పీట మీద పేర్చి కట్టిన పెట్టెల దొంతర. ఆ గదికి రెండు కంప్రెసర్లు. కరెంటు తక్కువ వాడుతున్నానని పై వాళ్ళ దగ్గర మెప్పు కోసం రాఘవేందర్ మధ్యాహ్నాలు ఒకదాన్ని ఆపేస్తుండేవాడు. ఆ రోజూ ఆపాడు. ఎండకు రెండోది దానంతటదే ఆగిపోయింది. జంగయ్య అప్పుడు మూడో గది దగ్గర లేడు. ఒకటో గదిలో పెట్టెలు దింపించమని రాఘవేందరే పంపాడు. రాత్రి ఎనిమిదికి తిరిగొచ్చి చూస్తే పదిహేడు డిగ్రీలు. ఆయన పరుగున ఆఫీసులోకి పోయాడు.

“నేను చూసుకుంట. నువ్వు ఇంటికి పో కాకా” అన్నాడు రాఘవేందర్.

మర్నాడు పొద్దున ఇంగ్లీషులో ఉన్న ఒక కాగితం ముందు పెట్టాడు. “సంతకం పెట్టు. పై ఆఫీసుకు పంపాలె, గంతే.” జంగయ్యకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. పెట్టాడు. మూడో గది తలుపు నిర్లక్ష్యంగా నలభై నిమిషాలు తెరిచి వదిలేశానని ఆ కాగితంలో ఉంది. తలుపు దగ్గరున్న ఎనిమిది ప్యాలెట్లు చెడిపోయాయని పక్కన పెట్టారు. లోపలి పద్నాలుగూ బాగానే ఉన్నాయని రెండు రోజులకు విమానం ఎక్కించారు. జంగయ్యను పనిలోంచి తీసేశారు.

అంతటితో ఆగితే ఏమయ్యేదో. వారం తిరక్కుండా గోదాము గేటు మీద ఆయన ఫోటో అంటించారు. గుర్తింపు కార్డు మీది ఫోటోనే, పెద్దది చేసి. కింద “వీడిని లోపలికి రానీయొద్దు” అని తెలుగులో. మేనేజర్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అదే కాగితం ఆ రోడ్డులో పదకొండు గేట్లకు ఎక్కింది. ఇక ఎక్కడ పని అడగాలన్నా తన ముఖం కిందినించే పోవాలి. యాభై ఎనిమిదేళ్ల మనిషి ఆ రోడ్డు మీదికి పోవడమే మానేశాడు. శంషాబాద్ పోవాలంటే చుట్టూ తిరిగి వేరే దారిన పోయేవాడు. ఇంట్లో ఐదు అనే అంకె మళ్ళీ వినపడలేదు.

“పనిలకెళ్ళి తీసిండ్రంటే తీసిండ్రు మేడం” అంది అనుపమ నాతో. “గానీ ‘వీడు’ అని రాసిండ్రు. మా బాపును మా తాత గూడ వీడు అనలే.”

రోజూ వందల్లో వచ్చే ఆ మెయిళ్ళను ఆమె ఎప్పుడోగాని చూసేది కాదు, ఇప్పుడు తెరిచి చూసింది. ఆ రోజువి అన్నీ ఉన్నాయి. మధ్యాహ్నం రెండు పదికి ఒక కంప్రెసర్ ఆగింది. ఆపింది రాఘవేందర్ లాగిన్. రెండున్నరకు రెండోదీ ఆగింది. రాత్రి ఎనిమిదింటి దాకా గది వేడెక్కుతూ పోయింది. ఆ ఐదున్నర గంటల్లో మూడో గది తలుపు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు.

ఆమె గోదాముకు పోయి రాఘవేందర్ ఎదురుగా నిలబడింది.

“అన్నా, తలుపు మూసే ఉన్నది. నా దగ్గర రికార్డు ఉన్నది.”

“ఏ రికార్డు?”

“ఐదు నిమిషాలకొకటి వచ్చింది. కంప్రెసర్ బందు జేసింది నీ లాగిన్.”

అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. “మా సర్వర్ల చూసుకో, ఆ దినంది ఒక్కటి లేదు. నీ ఇంట్ల ఉన్నది నువ్వే తయారు జేసుకున్నవంటే ఏమంటవ్? బాపు మీద ప్రేమ ఉండాలె అనుపమా, గానీ గింత పరేషాన్ గావద్దు. ఇగ నీ పని గూడ ఇయ్యాల్టితోని బందు.”

సర్వర్‌లోంచి ఆ రోజును అతను చెరిపేశాడని ఆమెకు అర్థమైంది. ఆ నవ్వు ఆమెతో పాటు ఇంటికొచ్చింది. “బస్సుల కూసున్నప్పుడే అనుకున్న మేడం. నా బాపు ముఖం పదకొండు గేట్లకు పెట్టిండు. ఈన పేరు ఈన చెరపలేని చోట పెడత. చచ్చేదాక ఉండాలె” అంది. అది చెప్పేటప్పుడు కూడా గొంతు పెంచలేదు. డబ్బాలో పెరుగన్నం కలుపుతూనే చెప్పింది.

ముందు గోదాము యజమానికి మెయిల్ రాసింది. దాన్ని ఆయన చదవకుండానే రాఘవేందర్‌కు పంపించాడు. రాఘవేందర్ దాని మీద నవ్వు బొమ్మ పెట్టి ఆమెకే తిప్పి పంపాడు. అప్పుడామె నగరంలో సర్వర్లు అద్దెకిచ్చే ఒక చిన్న కంపెనీలో సర్వర్ తీసుకుని, ఆ రోజు నమోదులన్నీ ఒక వెబ్ పేజీగా పెట్టి, లింకు యజమానికి పంపింది. రెండో రోజు సాయంత్రానికి పేజీ లేదు. ఫోన్ చేస్తే అక్కడి మనిషి నసిగాడు.

“మేడమ్, మాకు లెటర్ వచ్చింది. దొంగిలించిన డేటా అంట, పరువు నష్టమంట. మాకెందుకు మేడమ్ ఈ గొడవ?”

“నన్ను ఒక్కమాట అడగరాదా?”

“ఆయన తెలిసినాయనే. స్వయంగా ఫోన్ చేసిండు.”

ఇంకో కంపెనీకి మారింది. అక్కడ పదకొండు రోజులు నిలిచింది, అంతే. ఇక రాఘవేందర్ ఫోన్ చేస్తే ఎత్తి “చెప్పన్నా” అనేవాడు లేని దేశం వెతకాలని తేల్చుకుంది.

బడి పిల్లల లాంగు నోట్‌బుక్ ఒకటి తీసి దేశాల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ పుస్తకం నేను చూశాను. సింగపూర్ పక్కన “దగ్గర, ఫాస్ట్, ఖరీదు”. అమెరికా పక్కన “పెద్దోళ్ళు, మనిషి దొరకడు”. సర్వర్ దూరమైతే పేజీ తెరుచుకోవడం ఎంత ఆలస్యమవుతుందో ఒక్కోదాన్ని పరీక్షించి మిల్లీ సెకన్లలో రాసుకుంది. సర్వర్ పాడైతే నకలు ఎవరి దగ్గర ఉంటుంది, లైనక్స్ తనకు నచ్చినట్టు ఎక్కించుకోవచ్చా, మన బ్యాంకు కార్డు తీసుకుంటారా, పాస్‌పోర్టు అడుగుతారా... ఆమెకు పాస్‌పోర్టు లేదు. విమానాలు నెత్తిమీద తిరిగే ఊళ్ళో పుట్టి పెరిగినా విమానం ఎక్కలేదు.

వీటన్నిటికంటే ఆమెకు నచ్చింది ఒక ద్వీప దేశంలోని కంపెనీ. ఎవరు ఫిర్యాదు చేసినా చెత్తబుట్టలో వేస్తామని వాళ్ళు ముందు పేజీలోనే గొప్పగా రాసుకున్నారు. అనుపమ రెండో ఆలోచన లేకుండా ఒక నెలకు తీసుకుంది. ఎందుకంటే అప్పటికామె ఇంకో పేజీ తయారు చేసి పెట్టుకుంది. దానిలో రాఘవేందర్ ఫోటో, గేటు మీద తండ్రి ఫోటో ఎంత పెద్దదో అంత. కింద “వీడిని లోపలికి రానీయొద్దు” అని అవే అక్షరాలు. బుద్వేల్‌లో ఇల్లెక్కడో, ఫోన్ నంబరెంతో, భార్య పేరేమిటో, కూతురు ఏ కాలేజీలో చదువుతుందో అన్నీ పెట్టింది. ఆ పేజీ చేసినన్ని రోజులూ తనకు చాలా హాయిగా ఉండేదని దాచకుండా చెప్పింది.

పాలిటెక్నిక్‌లో ఆమె పక్కన కూర్చున్న మృదుల ఇప్పుడు ఒక మందుల కంపెనీలో నాణ్యత చూసే విభాగంలో ఉంది. కాకినాడ వైపు నుంచి వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడిన కుటుంబం. ఆఫీసులో పేజీ తెరిచి చూడమని అనుపమ ఆమెకు లింకు పంపింది. పది నిమిషాల్లో ఫోనొచ్చింది. పేజీ తెరుచుకోలేదు, తెరనిండా ఎర్ర హెచ్చరిక వచ్చింది. ఆ సర్వర్ ఉన్న చోటంతా బ్యాంకు మోసగాళ్ళూ దొంగ మందుల దుకాణాలవాళ్ళే ఉన్నారు కాబట్టి, అక్కడినించి ఏదొచ్చినా పెద్ద ఆఫీసులు లోపలికి రానివ్వవు. పైగా ఇదెందుకు తెరిచావని మృదులను వాళ్ళ కంప్యూటర్ విభాగం పిలిచి అడిగింది.

ఆ ఆదివారం పొద్దున అనుపమ అత్తాపూర్ వెళ్ళింది. మృదుల ఫోన్‌లో ఆ పేజీ మొత్తం చదివి పక్కన పెట్టింది.

“నీ పేజీ ఎవరు చదవాలనుకుంటున్నావు?”

“అందరు చదవాలె.”

“అందరూ చదివి ఏం చేస్తారు అనూ? రెండు రోజులు నవ్వుకుని వదిలేస్తారు. అతన్ని నిజంగా దెబ్బ తియ్యగలిగిన వాళ్ళు తొమ్మిదిమందో పదిమందో ఉంటారు. అతని గోదాముకి మందులు పంపే కంపెనీల్లో, విదేశాల్లో వాటిని కొనే కంపెనీల్లో మాలాగా నాణ్యత చూసేవాళ్ళు. వాళ్ళు ఈ కాలేజీ పేరూ ఇంటి నంబరూ చూస్తే, ఎవరో కక్షతో రాశారని మూసేస్తారు.”

“కక్షతోనే రాసిన.”

“తెలుసు. కానీ ఆ నమోదులు కక్ష కాదు కదా.” మృదుల ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “సరే, ఆ పద్నాలుగు ప్యాలెట్లూ ఏమయ్యాయి? గదంతా వేడెక్కితే తలుపు దగ్గరవే ఎలా చెడతాయి? లోపలివి కూడా పాడయ్యే ఉంటాయి. అవి ఎవరో ఒకరు సూదితో ఒంట్లోకి ఎక్కించుకునే మందులు.”

ఐదు నెలలుగా అనుపమ ఆ అంకెలు రోజూ చూస్తోంది. ఏ గంటకు ఎన్ని డిగ్రీలో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఆ పెట్టెలు ఎటు పోయాయని ఒక్కసారి కూడా అనుకోలేదు. “నాకు మా బాపు ఫోటో తప్ప ఇంకేం కండ్లవడలే మేడం” అంది నాతో. అది చెప్పుకోవడానికి మాత్రం ఆమెకు కష్టమైంది.

అక్కడే కూర్చుని, ఇన్సులిన్ కొన్న విదేశీ కంపెనీకి మెయిల్ రాసింది. మీ ఉత్తరం అందింది అని ఒక యంత్రం జవాబిచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. తెరిచి చూసుకునేలా పేజీ ఒకటి ఉండాల్సిందేనని ఇద్దరికీ తేలింది.

ద్వీపం సర్వర్‌ను అనుపమ వదిలేసింది. నోట్‌బుక్‌లో మిగిలిన ఏడు కంపెనీలకూ ఒకే ఉత్తరం రాసింది. నేను ఒక మనిషి చేసిన తప్పు గురించి నిజమైన రికార్డులు పెట్టబోతున్నాను, అతను తీసేయమని మీకు రాస్తాడు, అప్పుడు మీరేం చేస్తారు? ఇంతే. మూడు కంపెనీలు జవాబే ఇవ్వలేదు. అమెరికా కంపెనీ నుంచి ఆరు లింకులతో యంత్రపు ఉత్తరం వచ్చింది. నెదర్లాండ్స్ వాళ్ళు, ఇరవై నాలుగు గంటల్లో మీరు తీయకపోతే మేమే సర్వర్ ఆపేస్తామన్నారు. సింగపూర్ వాళ్ళు ముందు కార్డు వివరాలివ్వండి, తర్వాత మాట్లాడదామన్నారు. ఫిన్లాండ్‌లో ఒక చిన్న కంపెనీ నుంచి మాత్రం మనిషి రాసిన ఉత్తరం వచ్చింది. ఫిర్యాదు వస్తే మీకు పంపుతాం, జవాబుకు ఏడు రోజులిస్తాం, మీ జవాబులో ఆధారం ఉంటే కోర్టు ఉత్తర్వు లేకుండా తీయం. కానీ అవతలి మనిషి ఇల్లు, ఫోను, పిల్లల వివరాలు పెడితే ఎవరూ అడగకముందే తీసేస్తాం.

చివరి మాటకు అనుపమకు ఒళ్ళు మండింది. తన తండ్రి ముఖం పెట్టినప్పుడు ఏ దేశమూ అడ్డు రాలేదు కదా అనుకుంది. మూడు రోజులు ఆ మెయిల్‌కు జవాబు రాయలేదు. నాలుగో రోజు, రాఘవేందర్ ఇల్లూ నంబరూ కూతురి కాలేజీ ఉన్న పేజీని చెరిపేసింది.

“మనసు మారిందా?” అని అడిగాను.

“లేదు మేడం. అవి పెడితే ఆన ఏడ్సుకుంట తిరుగుతడు, నా బిడ్డ పేరు పెట్టింది సూడుండ్రి అని. ఏడ్సనీకి గూడ సందు ఇయ్యొద్దనుకున్న.”

పాస్‌పోర్టు బదులు డ్రైవింగ్ లైసెన్సు సరిపోయింది. కార్డు మాత్రం విదేశాల్లో పనిచేయలేదు. బ్యాంకుకు పోతే అక్కడి ఆఫీసరు కళ్ళద్దాలు పైకి జరిపి, “ఫిన్లాండ్‌ల మీకేం పనమ్మా?” అన్నాడు.

“కిరాయికి జర జాగ తీసుకున్న సార్” అంది.

సర్వర్ చేతికొచ్చిన రోజు బడిలోనే మధ్యాహ్నం విరామంలో కూర్చుని దానిలో డెబియన్ అనే రకం లైనక్స్ ఎక్కించింది. పాస్‌వర్డుతో ఎవరూ లోపలికి రాలేకుండా మూసేసి, తన లాప్‌టాప్‌లోని తాళంచెవి ఫైలుతోనే తెరుచుకునేలా పెట్టింది. రోజూ ఒక నకలు వేరే యంత్రంలోకి పోయే ఏర్పాటు చేసింది. పేజీలో తిట్టు లేదు, బిరుదు లేదు. ఐదు నిమిషాలకొకటిగా అంకెలు, పైకి పోయే ఒక ఎర్ర గీత, తలుపు వరుసలో మూసి ఉంది, మూసి ఉంది, మూసి ఉంది అని అరవై ఆరు సార్లు. కంప్రెసర్ ఆపిన లాగిన్ దగ్గర రాఘవేందర్ పూర్తి పేరు. ప్రతి నమోదు పక్కనా అది ఆ క్షణాన్నే తనకు వచ్చిందని చూపే మెయిల్ ముద్ర. చివర్న తండ్రి చేత సంతకం పెట్టించిన ఇంగ్లీషు కాగితం, దాని తెలుగు అర్థం.

మృదుల చెప్పిన తొమ్మిదిమందికి లింకు పంపి కూర్చుంది. పేజీ ఎవరు, ఎక్కడినించి తెరిచారో సర్వర్‌లో రాసుకుంటుంది. అన్నం తినేటప్పుడు అది చూడటం ఆమెకు అలవాటైంది. మొదటి మూడు రోజులూ ఎవరూ రాలేదు. నాలుగో రోజు ఇన్సులిన్ కొన్న కంపెనీ ఊరినించి పద్నాలుగు సార్లు తెరిచారు. ఆరో రోజు శంషాబాద్‌లోనే ఉన్న గోదాము నెట్ నుంచి నలభై ఒక్కసారి. “ఆనే” అని స్క్రీన్ నావైపు తిప్పింది. నలభై ఒక్క వరుసలూ వేలితో లెక్కపెట్టింది. ఆ రోజు నా డబ్బాలోని అన్నం కూడా తిన్నది.

తర్వాత రాఘవేందర్ తరఫున ఒక వకీలు రాసిన ఉత్తరం ఫిన్లాండ్‌కు పోయింది. వాళ్ళు మాటిచ్చినట్టే ఆమెకు పంపారు. ఆమె ప్రతి మెయిల్ అసలు ప్రతినీ, గోదాముతో ఒప్పందం కాగితాన్నీ జతచేసి నాలుగు రోజుల్లో జవాబిచ్చింది. పేజీ ఉంటుంది, అభ్యంతరముంటే కోర్టు ఉత్తర్వు తెచ్చుకోండి అని వాళ్ళు వకీలుకు రాసి, ఆ ప్రతి ఈమెకూ పెట్టారు. కోర్టుకు మాత్రం రాఘవేందర్ పోలేదు. పోతే ఆ అంకెలు అక్కడ కూడా చదువుతారు.

ఒక ఆదివారం పొద్దున అతను మామిడిపల్లికే వచ్చాడు. జంగయ్య అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. అనుపమ గడపలో నిలబడింది.

“కాకా, నీ బిడ్డకు చెప్పు” అన్నాడు రాఘవేందర్. “తప్పయింది. బయటిదేశపోళ్ళు వస్తున్నరట, గోదాం చూస్తరట. ఆ పేజీ ఉంటే నా నౌకరీ ఉండదు.”

జంగయ్య తలెత్తలేదు. ఇంకో కాయ తుంచి, “ఫోటోలు తీసినవా?” అన్నాడు.

“తీపిస్త కాకా. రేపే మనుషులను పెట్టి...”

“మనుషులతోని గాదు” అంది అనుపమ. “నువ్వే తీయాలె. ఇయ్యాల. బాపు చూస్తుండంగ.”

రాఘవేందర్ కారులో ఎక్కమంటే జంగయ్య ఎక్కలేదు. కూతురి స్కూటరు వెనక కూర్చున్నాడు. ముందు కారు, వెనక స్కూటరు, కార్గో రోడ్డు మొత్తం తిరిగారు. గేటు గేటుకూ రాఘవేందర్ దిగి కాగితం గోటితో గీకాడు. కొన్ని చోట్ల ఎండకు గేటుకే అతుక్కుపోయాయి. ఏడో గేటు దగ్గర ఎంత గీకినా ముఖంలో సగం పోలేదు. అక్కడి వాచ్‌మన్ సత్తయ్య, జంగయ్యతో కలిసి బీడీలు కాల్చినవాడు.

“సత్తయ్యా, జర నీళ్ళు తేరాదు” అన్నాడు రాఘవేందర్.

సత్తయ్య వినపడనట్టు నిలబడ్డాడు. రాఘవేందర్ కారు తాళంతో గీకాడు. చొక్కా వీపంతా తడిసింది. లారీ డ్రైవర్లు పోగయి చూశారు. అనుపమ స్కూటరు దిగలేదు, తొందరపెట్టలేదు. పదకొండో గేటు అయ్యేసరికి ఒంటిగంట దాటింది.

“ఇగ ఆ పేజీ తీసెయ్యి” అన్నాడతను, గోళ్ళలో కాగితం ముక్కలు దులుపుకుంటూ.

“తీస్తనని నేను అన్ననా?”

“మరి గిదంతా ఎందుకు జేపిచ్చినవ్?”

“ఫోటోలు నువ్వు పెట్టినవి, నువ్వు తీసినవ్. పేజీ నేను పెట్టిన. అది ఉంటది.”

అతను జంగయ్య వైపు చూశాడు. జంగయ్య స్కూటరు మీద కూర్చునే, “పోదాం పా బిడ్డా, ఆకలైతున్నది” అన్నాడు.

మరుసటి నెలలో విదేశీ కంపెనీ మనుషులు వచ్చి గోదాములో మూడు రోజులున్నారు. పద్నాలుగు ప్యాలెట్లలో తొమ్మిది వాళ్ళ నిల్వలోనే ఉన్నాయట, వాటిని వెనక్కి తీశారు. ఐదు అప్పటికే దుకాణాలకు పోయాయి. వాటి సంగతి ఎవరికీ తెలియదు. వచ్చినవాళ్ళలో ఒకావిడ అనుపమకు ధన్యవాదాలు చెబుతూ చాలా మంచి మెయిల్ రాసింది. మీరు రోగుల గురించి ఆలోచించారు అని ఉంది అందులో. అనుపమ దానికి జవాబు రాయలేదు. మెయిల్ చెరపనూ లేదు. ఆ ఐదు ప్యాలెట్ల మాటెత్తితే ఇప్పటికీ మాట మారుస్తుంది.

రాఘవేందర్ పని పోయింది. ఆ రోడ్డులో ఇంకెవరూ అతన్ని తీసుకోలేదు. ఎందుకు తీసుకోరో అందరికీ తెలుసు. యజమాని జంగయ్యకు క్షమాపణ ఉత్తరం పంపాడు. ఇంగ్లీషులో పంపితే అనుపమ తిప్పి పంపింది, రెండోసారి తెలుగులో వచ్చింది. “శ్రీ జంగయ్య గారికి” అన్న మొదటి వరుసను ఆయన వేలు పెట్టి రెండుసార్లు చదివాడట. తిరిగి రమ్మన్నారు గాని పోలేదు. ఇప్పుడు అదే రోడ్డులో వేరే గోదాములో పూలు నిలవచేసే గది చూస్తున్నాడు.

ఈ వేసవి సెలవులకు ముందు రాఘవేందర్ భార్య సరిత మా బడికి వచ్చింది. కంప్యూటర్ గదిలో అనుపమతో పాటు నేనూ ఉన్నాను. లేవబోతే అనుపమ నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

“అనుపమా, ఆయన పేరు కొడితే మొదలు అదే వస్తున్నది” అంది సరిత. “బిడ్డకు సంబంధం చూస్తున్నం. అందరు ఫోన్ల కొట్టి చూస్తున్నరు. రెండు సంబంధాలు ఎనుకకు పోయినయ్. ఆయనకు పడాల్సిన శిక్ష పడింది గదా. ఇంకెన్నేండ్లు?”

“వదినా, అందుల నీ పేరున్నదా?”

“లేదు.”

“నీ బిడ్డ పేరు?”

“లేదు.”

“అబద్ధం ఒక్కటున్నదా? చూపియ్, ఇప్పుడే తీసేస్త.”

సరిత ఫోన్ తెరిచి ఆ పేజీనే మళ్ళీ కిందిదాకా జరిపింది, ఎక్కడైనా ఏదైనా దొరుకుతుందేమో అన్నట్టు. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి, “మా ఇంట్ల నువ్వు ఎన్నిసార్లు తిన్నవో యాదికున్నదా?” అంది.

“మా ఇంట్ల ఆయన ఎన్నిసార్లు తిన్నడో గూడ ఉన్నది వదినా” అంది అనుపమ.

సరిత వెళ్ళిపోయాక అనుపమ కీబోర్డు మీద చేతులు పెట్టి కూర్చుంది. ఆ అమ్మాయిని చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పానని చెప్పింది. నీళ్ళు తాగింది.

“తీసేయరాదూ” అన్నాను నేను. అనకుండా ఉండలేకపోయాను.

ఆమె నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. తర్వాత ఫిన్లాండ్ కంపెనీ పేజీ తెరిచింది. అద్దె గడువు వచ్చే నెలతో అయిపోతుందని పైన పసుపు రంగులో ఉంది. ఒక ఏడాదికా, రెండేళ్లకా, మూడేళ్లకా అని అడుగుతోంది. ఆమె మూడు నొక్కింది.